విశ్రాంతి గది

"నీకు కాస్త విశ్రాంతి కావాలే," అన్నారాయన, తిన్న కంచం ముందు నుంచి కదలకుండా. ఆ కంచం తీసి, కడిగి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి పనికి పరుగెత్తాను. మెట్ల దగ్గర పక్కింటావిడ ఎదురై, "ఒంట్లో ఎలా ఉందమ్మా? మీ అత్తగారు చెప్పారు," అంది. నిక్షేపంలా ఉన్నాను. కిందటి వారం "మీ కంచం మీరే కడుక్కోండి" అన్నాను. నా జబ్బల్లా అదే.

నేను మ్యూజియంలో గైడుని. ఒకప్పుడది నగరం నడిబొడ్డున రాజభవనం. గ్రీకు గుళ్ల మీద మోజుపడి, ఎత్తయిన తెల్లటి స్తంభాలతో ఓ ప్రభువు కట్టించుకున్నాడు. వంశం అంతరించాక ప్రభుత్వం తీసుకుంది. ఆ చరిత్రంతా నాకు కంఠతా. మేడమీద చివరి గది దగ్గర ఇలా చెప్పాలి: "ఇది ప్రభువుగారి భార్య విశ్రాంతి గది. అనారోగ్యం వల్ల ఆవిడ కడదాకా ఇక్కడే ఉన్నారు."

ఆరోజు వచ్చినవాళ్లలో ఒక ముసలావిడ ఆ తలుపు తడిమి చూసి, "గడియ బయట పెట్టారేంటమ్మా?" అంది.

రోజూ పొద్దున్నే ఆ గడియ తీసేది నేనే. ఇన్నేళ్లలో ఒక్కసారీ నా బుర్రకి తట్టలేదు. వెళ్లి మా ఆఫీసర్ని అడిగాను.

"రాసిచ్చింది చెప్పమ్మా, చాలు," అన్నాడు. "అన్నట్టు, మీ ఆయన ఫోన్ చేశారు. రేపట్నుంచి నీకు విశ్రాంతటగా?"

ఇంటికొచ్చేసరికి వడ్రంగి సంచి సర్దుకుంటున్నాడు. వెనక గదిలో సామాన్లు తీసేసి మంచం వేశారు. తలుపుకి కొత్త ఇత్తడి గడియ. బయటివైపు.

"తలుపు గాలికి కొట్టుకుంటోందనీ..." అని నా మొహం చూడకుండా నసిగి, అత్తగారు వడ్రంగి వెంట వీధిలోకి వెళ్లిపోయింది.

ఆయన లోపల దుప్పటి పరుస్తున్నారు. పెళ్లయ్యాక ఆయన దుప్పటి పరవగా చూడటం అదే మొదలు. "నీ మంచికేనే. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటే అన్నీ సర్దుకుంటాయి. రా, లోపలికొచ్చి చూడు."

భయమేసింది. అయినా కాళ్లు ఒక అడుగు ముందుకే వేశాయి. ఆయన పిలిస్తే వెళ్లడం వాటికి అలవాటు. గడప దగ్గర ఆపుకున్నాను. చెయ్యి గడియ మీద పడింది. సాయంత్రం అందరూ వెళ్లాక ఆ భవనంలో గదులన్నీ మూసేది కూడా నేనే.

"పొద్దుట్నుంచీ తెగ పని చేసినట్టున్నారు. మీరే కాస్త విశ్రాంతి తీసుకోండి," అని తలుపు దగ్గరికి వేశాను.

కొత్త గడియ కదా, చప్పుడు లేకుండా పడింది.