మొదటి రోజు మందు

మా పెద్దసారు బొటనవేలు నాకి రిజిస్టరు పేజీ తిప్పుతాడు. పదకొండేళ్లుగా చూస్తున్నాను. ఆ తడి అంటిన చోటే నేను సంతకం పెట్టాలి. ఛీ, ఏం మనిషో.

మేం చేసేది గాజుపూసలు. ఆవగింజంత ఉంటాయి. ఒక రకం గాజును యాసిడ్‌లో నానబెడితే అందులో కొంత భాగం కరిగిపోయి, కంటికి కనిపించని కంతలు మిగులుతాయి. ఆ కంతల్లో మందు ఎక్కించి, చీముపట్టిన ఎముకలో పెడితే రెండు వారాలపాటు కొద్దికొద్దిగా ఊరాలి. పూసల్ని గోరువెచ్చని నీళ్లలో వేసి ఏ రోజు ఎంత మందు బయటికొచ్చిందో కొలవడం నా పని.

ఈసారి సారు ఏదో పెళ్లికని వెళ్లి, పూసల్ని యాసిడ్‌లో ఒక రోజు ఎక్కువ వదిలేశాడు. కంతలు పెద్దవయ్యాయి. ముప్పాతిక వంతు మందు మొదటి రోజే కారిపోయింది.

అంకె చూపిస్తే, మొదటి రోజు కొట్టేసి రెండో రోజు నుంచి రాయమన్నాడు. అప్పుడు గ్రాఫులో గీత చక్కగా వస్తుందట. పైన పటారం, లోన లొటారం. వీటిని పన్నెండు మంది ఎముకల్లో పెట్టబోతున్నారని గుర్తు చేశాను. గోడకు చెప్పుకున్నా నయం. ఆ పన్నెండు మందిలో మా తమ్ముడొకడు. కాలు విరిగి చీముపట్టి ఏడాదైంది. ఈ పూసలు కూడా పనిచేయకపోతే మోకాలి కింద తీసేస్తామన్నారు.

సారుకి ఆ సంగతి తెలుసు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మీ తమ్ముడికి పాత బ్యాచ్‌లోవి, మంచివి, విడిగా తీసి పెడతాలేమ్మా. మనవాళ్లని మనం చూసుకోమా?"

రోత పుట్టింది. ఆ మాట విన్నందుకు కొంత, విని ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించినందుకు ఇంకొంత. మిగతా పదకొండు మంది ఆ క్షణంలో నాకు గుర్తే లేరు. తూ, నా బతుకు.

మొదటి రోజు అంకె పెన్నుతో రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ ఫొటో తీసి, ఈ పూసలు పెట్టాల్సిన ఆస్పత్రి డాక్టరమ్మకు పంపాను. సాయంత్రానికల్లా మా దగ్గర తయారైన పూసలేవీ వద్దన్నారు, పాతవీ కొత్తవీ. మళ్లీ చేసి పరీక్షించడానికి ఆర్నెల్లు పడుతుంది. తమ్ముడి కాలికి అంత గడువు లేదు.

మర్నాడు పొద్దున కట్టు విప్పుతూ వాడికి అంతా చెప్పాను, సారు ఆశపెట్టిన మాటతో సహా. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నేను దూదితో చీము తుడుస్తుంటే కాలు కాస్త నా వైపు జరిపాడు.

"ముక్కుకి గుడ్డ కట్టుకో అక్కా, కంపు," అన్నాడు.

"నీది కంపు కాదురా," అన్నాను.