దూదిపుల్లకు చాపిన చేతులు

"మీ ఇంటి మురికే మీ కోడల్ని చంపింది," అన్నాడు ముఖ్య వైద్యుడు కెరిమ్‌బాయెవ్.

ఐసీయూ తలుపు దగ్గర నిలబడి అన్నాడు. అప్పటికింకా కనిషాయ్ ముఖం మీద దుప్పటి కూడా కప్పలేదు. ఎదురుగా ఉన్న అత్త తొక్తోబూబూ తలగుడ్డ కొసను నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఇంట్లో ఏం మురికి నాయనా? కాన్పుకు తన కాళ్ల మీద నడిచొచ్చింది పిల్ల."

"గొర్రెల్లో తిరిగే జనం మీరు. ఆమెను చంపిన క్రిమిని మోసుకొచ్చింది మీరే." అంతే, వెళ్లిపోయాడు.

నేల తుడుస్తున్న సైకాల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్లుగా ఆయా ఆమె. నాలుగో మంచం మీద నెలలో ఇది మూడో చావు. ముగ్గురూ వెంటిలేటర్ మీదే ఉన్నారు, ముగ్గురికీ వారం తిరక్కముందే జ్వరం. గొంతులో కఫం లాగే గొట్టం ఒకసారి వాడి పారేయాలి. కొత్తవి రావడం లేదు. ఒకరి గొట్టం ఇంకొకరికి పెడుతున్నారు. మధ్యలో దాన్ని తొట్టిలో కడిగేది సైకాల్, మందు కలపని ఉత్త నీళ్లతో. కడగమన్నది పైవాళ్లు. కడిగింది మాత్రం తన చేతులు. మంత్రి వస్తున్నాడని ముందు గుమ్మానికి అద్దాల తలుపులు పెట్టించడానికి మాత్రం డబ్బుకు ఏ కొరతా రాలేదు.

ఆమె తిన్నగా ల్యాబుకు వెళ్లింది. పరీక్షలు చేసే వేరా కిమ్ ఒక గాజు పళ్లెం ఎత్తి వెలుతురులో చూపించింది. లోపల కనిషాయ్ కఫంలోంచి పెంచిన క్రిములు మీగడలా పరుచుకుని ఉన్నాయి. మధ్యమధ్య మందు అద్దిన కాగితపు బిళ్లలు.

"మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ కనపడాలి. కనపడుతోందా?"

"లేదు."

"ఏడు మందులక్కా. ఒక్కదానికీ లొంగలేదు. మూడుసార్లు రాసి పంపాను. కెరిమ్‌బాయెవ్ సొరుగులో పడేశాడు."

తొక్తోబూబూ శవాల గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. సైకాల్ పక్కన కూర్చోలేక నిలబడే చెప్పింది.

"మీ ఇంటి మురికి కాదు పెద్దమ్మా. ఇక్కడిదే. ఆ గొట్టాలు కడిగింది నేను."

ముసలామె తల ఎత్తింది. "తెలిసే కడిగావా?"

"మొదట తెలీదు. తర్వాత అనుమానం వచ్చింది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను."

"నా మనవడికి ఎనిమిది రోజులు. తల్లి పాలు ఎట్లా ఉంటాయో కూడా తెలీదు వాడికి." "నిన్ను చెంప పగలగొట్టాలని ఉంది. ముందు ఈ మాట అందరిలో చెప్పు. తర్వాత చూద్దాం."

డ్యూటీ మారే వేళ ఆయాలు, నర్సులు దుప్పట్లు ఉతికే గదిలో చేరారు. సైకాల్ జరిగింది చెప్పింది. అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పని ఆపేద్దాం."

"ఆపితే లోపల ఐదుగురి ఊపిరి ఆగుతుంది. బుద్ధుండే అంటున్నావా?" అని కసిరింది పెద్ద నర్సు బువాజార్.

"మరి ఆయన ముందు కూర్చుని ఏడుద్దామా?"

"నాకు ఇద్దరు పిల్లలు. వీధిన పడలేనమ్మా."

"రోగుల పని ఆపొద్దు," అంది సైకాల్. "దొంగపని ఆపుదాం. రేపట్నుంచి ఒక్క గొట్టమూ కడగం. కొత్తది ఇస్తేనే పెడతాం. సగం గది ఖాళీ చేసి కడిగించాలి. అప్పటిదాకా కొత్తవాళ్లను పక్క ఊరి ఆస్పత్రికి పంపాలి."

"ఆయన ఎవరో ఒకరి మీద పడతాడు."

"పడనీ. ఆ ఒకరిని ఒంటరిగా వదలకండి, చాలు."

కెరిమ్‌బాయెవ్ సైకాల్ మీదే పడ్డాడు. ఆమె ఒక్కదాని చేతులే దూదిపుల్లతో తుడిపించి పరీక్ష చేయించాడు. మూడో రోజు సిబ్బందినీ రోగుల బంధువులనూ వరండాలో నిలబెట్టి కాగితం చదివాడు. "క్రిమి ఈమె చేతుల మీదే దొరికింది. ఈ రోజు నుంచి పనిలోంచి తీసేస్తున్నాం."

సైకాల్ ఒక అడుగు ముందుకు వేసింది. "నిజమే, నా చేతుల మీద ఉంది. మీరు చూసింది నా చేతులే. అందరివీ చూడండి. కుళాయి చూడండి. మీవీ చూడండి."

"నువ్వా నాకు చెప్పేది?"

బువాజార్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి వేరా ముందు రెండు చేతులూ చాపింది. "దూదిపుల్ల తియ్. నావి చూడు." ఆమె వెనక బట్టలుతికే ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక, పొద్దుటిదాకా తల దించుకు తిరిగిన కుర్ర డాక్టరు వచ్చాడు.

"నేనూ లోపలికెళ్లి నా కోడలి నుదురు తాకాను," అంది తొక్తోబూబూ. "నావీ తీసుకో."

చివరికి చూపులన్నీ కెరిమ్‌బాయెవ్ వైపు తిరిగాయి. ఆయన చేతులు కోటు జేబుల్లోకి పోయాయి.

రెండు రోజుల తర్వాత వేరా ఆ నమూనాలు పెంచిన గాజు పళ్లేలన్నిటికీ మూతలు బిగించి ల్యాబు కిటికీలో అద్దం వెనక వరసగా పెట్టింది. క్రిమి కుళాయిలో ఉంది. పరుపులో ఉంది. వెంటిలేటర్ మీటల మీద ఉంది. పదకొండు మంది చేతుల మీద ఉంది. తొక్తోబూబూ చేతుల మీద లేదు.

ఆ మధ్యాహ్నమే కొత్త గొట్టాల పెట్టెలు దిగాయి. వెనకే పోలీసు జీపు వచ్చింది. జనంలో భయం పుట్టిస్తోందని సైకాల్‌ను ఎక్కించుకుపోయారు.

"ఎవరు ఎగదోశారు నిన్ను?" స్టేషన్లో అధికారి కాగితం ముందు పెట్టుకున్నాడు. "పేర్లు చెప్పు, ఇంటికి పో."

ఆమె కాగితాన్ని అతని వైపే వెనక్కి నెట్టింది. అంతలో ఫోను మోగింది. వింటున్నకొద్దీ అతని ముఖం మారింది. ఫోను పెట్టేసి గొంతు తగ్గించాడు.

"ప్రసూతి వార్డు వాళ్లూ వచ్చారట. ఆపరేషన్ గది వాళ్లూ వచ్చారట. ల్యాబు ముందు చేతులు చాపి నిలబడ్డారట."

"ఎంతమంది?"

"గేటు దాటి రోడ్డు దాకా ఉన్నారంటున్నారు."

సైకాల్ కుర్చీ ముందుకు లాక్కుంది.

"ముందు నా పేరు రాయి. వాళ్లవి నేనొక్కదాన్నే చెప్పలేను, వాళ్లే వచ్చి చెప్తారు. నువ్వు కాగితాలు ఇంకొన్ని తెచ్చుకో."