గబుక్కున అడిగితే గాజు చెప్పే జవాబు

మామ్లే మొగుడు నార్తేకి తాగుడు లేదు, జూదం లేదు, పరాయి ఆడవాళ్ల గొడవ అసలే లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, మూత తీసి చూడడం. పొయ్యిమీద చేపల పులుసు ఉడుకుతుంటే మూత తీస్తాడు. పులియబెట్టిన మొక్కజొన్న బాంకూ పిండి మీద గుడ్డ తీస్తాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ట్రంకుపెట్టె మూతా తీశాడు. ఇలాంటి మనిషిని దేవుడు పూసల బట్టీ ముందు కూర్చోబెట్టడం ఏం న్యాయమని ఆవిడ అడగని గడప ఓడుమాసే ఊళ్లో లేదు.

ఈసారి ఆ ఫిర్యాదుకి పదును వచ్చింది. శనివారం కూతురు కోర్యోకి దీపో. ఈడొచ్చిన పిల్లకి నడుం నుంచి మెడదాకా పూసలు వేసి ఊరంతా చూసేలా నడిపించే రోజది. వచ్చిన ముసలమ్మలు పిల్ల మొహం తర్వాత చూస్తారు, ముందు పూసలు లెక్కపెడతారు. మామ్లే తల్లి ఇచ్చిపోయిన పెద్ద పసుపు పూస ఆ మెడలో లేకపోతే, అమ్మమ్మ ఊసే లేని పిల్ల అని మూతి తిప్పుతారు.

ఆ పూస పోయిన నెల కడుగుతుండగా మామ్లే చేతుల్లోంచే జారి సానరాతి మీద పడి మూడు ముక్కలైంది. ముక్కల్ని దంచి, ఆ పొడితోనే మళ్లీ పోస్తే అది అమ్మ పూసేనని అత్త లాకో తీర్పు చెప్పింది. రెండుసార్లు పోశారు. రెండుసార్లూ చల్లారేలోపు నిలువునా చీలింది. దంచినప్పుడల్లా కొంత పొడి రోటికే పోతుంది. ఇప్పుడు మిగిలింది ఒక్క పూసకి సరిపోతుంది, ఇంకోసారికి చాలదు. ఇవాళ గురువారం.

"పగలడం గాజు తప్పు కాదత్తా. నిమిషానికోసారి మూత తీసే చేతులది," అంది మామ్లే. బట్టీ ముందు పీట వేసుకుని, ఒళ్లో రోకలి అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

నార్తే నిప్పులోంచి అచ్చుని బయటికి లాగాడు. లోపల పూస ఎర్రగా, పండిన పామాయిల్ గింజలా వెలుగుతోంది. రెండు దబ్బనాలతో దాన్ని గిరగిరా తిప్పి గుండ్రం చేశాడు. అచ్చుని బట్టీ నోటి దగ్గర వేడిలో పెట్టాడు. ఎరుపు తగ్గింది. పసుపు తేలింది. అచ్చం అమ్మ మెడలోని పసుపే.

ఇక ఆగలేక మామ్లే దబ్బనం తీసుకుని పూసని పొడిచింది. టక్‌మంది.

"గట్టిపడింది. తీసి నేలమీద పెట్టు."

"ఇంకొంచెం ఉండనీ."

"ఎందుకు, నువ్వు తీసి తీసి చూడ్డానికా? మా పుట్టింట్లో మూడు తరాలుగా టక్‌మంటే తీసేస్తారు."

"మొదటి పూస చీలిన రోజు నేనెక్కడున్నాను, కోర్యో అమ్మా?"

ఆ రోజు నార్తే సోమాన్యాలో తమ్ముడింట్లో ఉన్నాడు.

పక్కన చేపలు తోముతున్న అత్త లాకో తల ఎత్తలేదు. "చెప్పవే. వాడి చెయ్యి సోమాన్యా నుంచి పాక్కుంటూ వచ్చి మూత తీసిందా?"

నార్తే దబ్బనం కొనని పూస మీద నిలబెట్టి, రెండు వేళ్లతో పడిపోకుండా మాత్రం పట్టుకున్నాడు. "నువ్వు గబుక్కున అడిగావు, అదీ గబుక్కున చెప్పింది. ఇప్పుడు నిదానంగా అడుగుదాం. లెక్కపెట్టు."

విసుగ్గా మొదలుపెట్టింది. ఇరవై. ముప్పై. పూస రాయిలా ఉంది. నలభైకి ఎగతాళిగా నవ్వబోయింది. యాభై దాటాక పీట మీంచి ముందుకి వంగింది. డెబ్భైకి లెక్క మర్చిపోయింది. దబ్బనం కొన కనపడటం లేదు. గట్టి గాజులోకి, ఎవరూ నొక్కకుండానే, మెల్లగా దిగుతోంది.

చటుక్కున దబ్బనం లాక్కుని పొడిచింది. టక్. నిలబెట్టింది. దిగింది. మళ్లీ పొడిచింది. టక్. మళ్లీ నిలబెట్టింది. దిగింది. ఒకటే పూస, ఒకటే నిమిషం, రాయి కూడా అదే, తేనె కూడా అదే.

"చాలు, జల్లెడ చేస్తావా ఏంటి?" అన్నాడు నార్తే. "ఇప్పుడు గాలిలో పెడితే పైన బిగుసుకుపోతుంది, లోపల ఇంకా బిగియదు. ఆ తర్వాత లోపలిది ముడుచుకుంటూ పైదాన్ని లాగుతుంది. చీలక ఏం చేస్తుంది? మీ పుట్టింటి పూసలు మిరియాలంత. పైనా లోపలా ఒక్కసారే చల్లారతాయి, వాటికి టక్ చాలు. ఇది కోలాకాయంత లావు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా?"

ఇద్దరూ కలిసి దాని మీద ఇంకో అచ్చు బోర్లించారు, నిప్పు బయటికి లాగేశారు, వేడి బూడిదలో పూసని కప్పి బట్టీ నోటికి పుట్టమన్ను మెత్తారు. తెల్లారేదాకా ముట్టకూడదు.

సాయంత్రం వానకి ముందొచ్చే గాలి చల్లగా కొట్టింది. మామ్లే చీపురు కోసమని ఒకసారి, కోడి కోసమని ఒకసారి, ఏ కారణమూ దొరక్క ఒకసారి బట్టీ దగ్గరికి వెళ్లింది. మూడుసార్లూ ఆ పీట మీద ఆ రోకలితో నార్తే కూర్చుని ఉన్నాడు. "వెళ్లి పడుకోవే," అని ఇంట్లోంచి అత్త కేకేసింది.

పొద్దున్న బట్టీ గోడ నులివెచ్చగా ఉంది. నార్తే మన్ను పగలగొట్టి పక్కకి జరిగాడు. మామ్లే బూడిదలో చెయ్యి పెట్టింది. పై అచ్చు తీయడానికి ధైర్యం చాలక ఒక క్షణం ఆగింది. కోర్యో వెనకనుంచి అమ్మ భుజం గిల్లింది. తీసింది.

పూస నిండుగా ఉంది. పైన దబ్బనం దిగిన మూడు సొట్టలు, అంతే. చీలిక లేదు. అత్త లాకో దాన్ని ఎండకి పట్టి తిప్పింది, గోటితో మీటింది, చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత కోర్యో గొంతు కింద ఆనించి చూసింది.

"సొట్టలు సాన పడితే పోతాయి," అంది అత్త. కోడలి వైపు చూసింది.

మామ్లే చేతుల బూడిద గుడ్డకి తుడుచుకుంది. నార్తే అప్పటికే బట్టీ ఊడవడం మొదలుపెట్టాడు, తనకేం సంబంధం లేనట్టు.

"టక్‌మనగానే బయట పెట్టేసి ఆ రెండూ చీల్చింది నేనే," అంది మామ్లే, అందరికీ వినపడేలా. "నీ మీద వేశాను. నాదే తప్పు."