నానమ్మ నోట్ల ఆగిన గొడ్డలి

నమ్మవని తెల్సు. దమ్ముంటే మా ఊరు ముడిమ్యాలకు రా, సూపిస్త.

మా నానమ్మ ప్రేమమ్మ రోజూ పొద్దుగాల్నే వాకిలూడ్చి, మా నాయినను సంకనేసుకొని, పెరట్ల గొడ్డలెత్తి నిలబడ్డ మొగనికి జొన్న గట్క తినిపిస్తుండె. ఓనాడు కూరల ఉప్పు లేదని తాత స్వామిదాసు ఆమె నెత్తి మీదికి గొడ్డలెత్తిండు. ఆమె "దబ్బలుం" అన్నది. అంతే, మనిషి ఆడనే ఆగిండు.

చిన్నప్పుడు మేకలు కాసుకుంట, పెద్దోళ్ళకు సమజ్ కావొద్దని నానమ్మ, ఆమె చెల్లె శాంతమ్మ ఓ బాస కట్టిన్రు. దాంట్ల పడుడు అంటే దబ్బ. ఎనుక "లుం" తగిలిస్తే పడబోతున్నదని. నానమ్మ లుం అన్నదంటే ఆ పని కాబోతనే ఉంటది, కాదు. కాని ఒక్కటే ఆగుతది. ఇంకోదానికి లుం అంటే ముందటిది ఇడిసి, జరిగిపోతది. ఊరందరికి ఎరుకే. పక్కింటి పెంటమ్మ ఆ గొడ్డలి కామకు తడిబట్టలు ఆరేస్తుండె.

తాతకు నోరొక్కటే ఆడుతది. "ఇడువే ఒక్కసారి! నరికి పోగులు పెడ్త!"

"ముందు గట్క మింగు."

అరవై తొమ్మిదిల, చేవెళ్లల జై తెలంగాణ అని రాళ్ళేసిన నానమ్మ తమ్ముడు సాముయేలు, నెత్తురు కారంగ పెరట్లకు ఉరికొచ్చిండు. ఎనుక ఓ పోలీసాయన. లాఠీతోని వాని మోకాళ్ళిరగ్గొట్టి, గోడకు ఒత్తి, నాలుగడుగులు ఎనుకకొచ్చి తుపాకెత్తిండు. సక్కగ తాత గొడ్డలి కింద నిలబడ్డడు, సూస్కోలే.

"అక్కా!"

లుం అంటే తాత కదుల్తడు. తాత కదిలితే నానమ్మ బతుకది.

తుపాకి పేలింది. "కస్సలుం!" అన్నది నానమ్మ. తగలబోతున్నదని.

తూటా సాముయేలు రొమ్ముకు జానెడు దూరంల ఆగింది. గొడ్డలి దిగింది. పోలీసాయన భుజం కాడికెల్లి నడుమ దాక చీలిండు. ఎనుకొచ్చిన పోలీసోళ్ళు తాతను పండ్లు రాలంగ గుద్దుకుంట జీపుల పడేసిన్రు.

"సారూ, నేను కొట్టింది నా పెండ్లాన్ని!" అని మొత్తుకున్నడు. మళ్ళ రాలే.

తూటా ఇప్పటికీ ఆడనే ఉన్నది. సాముయేలు తాత దానికి ఎదురుంగనే కుర్సీ ఏసుకొని చాయ్ తాగుతడు. జరుగు తాతా అంటే, "అక్క మాట మీద బతుకుతున్నరా, ఎందుకు జరగాలె?" అంటడు. నానమ్మకేమో మతి తప్పుతున్నది, మొన్న నన్నే స్వామిదాసు అనుకొని తిట్టి

ఆగు, వంటింట్లకెల్లి ఒర్లుతున్నది. "యోసేపూ, ఉరుకురా! పాలు పొంగుతున్నయ్! బుస్సలు