పదకొండో నాణెం

చిట్టి చేసిన పాపం మొత్తం కలిపితే మూడు సెకన్లు. మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి, బాబాయి చెవిలో ఒక్క అంకె తప్పు చెప్పింది. అంతే. ఆ మూడు సెకన్లకి మూడు నెలలుగా తిన్నది ఒంటికి పట్టడం లేదంటే నమ్ముతారా? నమ్మకపోతే మానెయ్యండి, జరిగింది మాత్రం ఇదే.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. పాత నాణేలు పోగుచేసే పిచ్చి ఉన్నవాళ్ళు తమ దగ్గరున్నది అసలుదో నకిలీదో, ఎంత బాగుందో తేల్చమని అక్కడికి పంపుతుంటారు. వీళ్ళు దాన్ని దీపం కింద వంచి, తిప్పి, భూతద్దంలో చూసి, డెబ్బైకి ఇన్ని మార్కులని వేస్తారు. తర్వాత ప్లాస్టిక్ బిళ్ళలో పెట్టి సీలు చేసి వెనక్కి పంపుతారు. బడిలో పేపర్లు దిద్దడం లాంటిదే, కాకపోతే ఇక్కడ శుభ్రంగా తయారై వచ్చినవాడే తప్పుతాడు. తళతళలాడాలని ఎవరో మహానుభావుడు పళ్ళపొడి పెట్టి రుద్దేసిన నాణెం మీద వెంట్రుకవాసి గీతలు పడతాయి. అది కంటపడిందా, "కడిగినది" అని రాసి పక్కన పడేస్తారు, మార్కుల ఊసే ఉండదు.

ఒక్కో నాణేన్నీ ఇద్దరు చూడాలి. ఒకరు వేసింది ఇంకొకరికి తెలియకూడదు. ఇద్దరివీ కలిస్తే సరి, లేకపోతే మూడో మనిషి తేలుస్తాడు. ఆ ఆఫీసు పరువంతా ఈ ఒక్క నియమం మీదే నిలబడింది. ఆ నియమాన్నే చిట్టీ, బాబాయీ కలిసి రెండేళ్ళపాటు తుంగలో తొక్కారు.

మొదలుపెట్టింది పిన్ని. తండ్రి పోయాక చిట్టిని ఏడో ఏట నుంచి పెంచింది ఆవిడే. ఒకరోజు వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"మీ బాబాయికి చూపు మసకబారిందే. ఆపరేషనంటే హడలిపోతున్నాడు, కత్తి పడితే ఉన్నది కూడా పోతుందంటాడు. ఆ కుర్చీ లేకపోతే ఈయన బతకడే తల్లీ. నువ్వే ఎలాగో ఒకలా నెట్టుకురా."

చిట్టి మాత్రం ఏమంటుంది? భూతద్దం ఎలా పట్టుకోవాలో నేర్పింది బాబాయి. నాణేన్ని అంచుల మీద తప్ప ముట్టుకోకూడదని వేలి మీద ఒక్కటేసి మరీ చెప్పింది బాబాయి. సరేనంది.

ట్రేలో ఇరవై నాణేలుంటాయి. ముందు చిట్టి చూసి కంప్యూటర్లో కొట్టేది. తర్వాత ట్రే బాబాయి బల్ల మీదికి వెళ్ళేది. ఈ మధ్యలో ఇద్దరికీ దాహం వేసేది. ఫిల్టరు దగ్గర ఆమె ఇరవై అంకెలూ వరసగా గొణిగేది, ఆయన ఒక్కసారి వినేవాడు. కాగితం లేదు, కలం లేదు. వెళ్ళి కూర్చుని, ప్రతి నాణేన్నీ దీపం కింద తెగ తిప్పి, ఆ ఇరవయ్యీ పొల్లు పోకుండా కొట్టేవాడు. మరీ అచ్చుగుద్దినట్టుంటే అనుమానం వస్తుందని రెండింటికి ఒక మార్కు అటూ ఇటూ మార్చేవాడు కూడా. ముసలాయన అసాధ్యుడు. కన్ను పోతే పోయింది గానీ ఆ జ్ఞాపకశక్తి చూస్తే చిట్టికే కళ్ళు తిరిగేవి.

ఇలా సాగుతుండగా ఒక బుధవారం మేనేజరు గదిలోకి వచ్చాడు. సంవత్సరం అంకెని సూదితో చెక్కి మార్చిన దొంగ నాణెం ఒకటి అంతకుముందు వారం పట్టుబడింది. పట్టింది చిట్టి. అరగంటసేపు కళ్ళు కాయలు కాసేలా చూసి పట్టింది. బాబాయికి చెప్పింది, ఆయనా అదే కొట్టాడు.

"పెద్దాయనా, మీ కంటికి దణ్ణం పెట్టాలి" అన్నాడు మేనేజరు అందరి ముందూ.

పోనీ అక్కడితో ఊరుకోవచ్చు కదా. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏదో లెండి, అలవాటు. మా అమ్మాయికి కూడా నేర్పుతూనే ఉన్నాను. కాస్త తొందర ఎక్కువ, దాని కంటికి ఇంకా నిలకడ రాలేదు" అన్నాడు. గదిలో ఆరుగురూ నవ్వారు.

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. ముప్ఫయ్యారేళ్ళొచ్చాయి, రెండేళ్ళుగా రెండు కుర్చీల పని ఒక్కతే చేస్తోంది, నిలకడ లేదట! ఆ కోపంలోనే తర్వాతి ట్రే చూసింది. అందులో పదకొండోది కడిగిన నాణెం. పాపం పసిపిల్లాడు కూడా పట్టేస్తాడు, అన్ని గీతలున్నాయి. "కడిగినది" అని తను కొట్టింది. ఫిల్టరు దగ్గర బాబాయికి మాత్రం, పదకొండోది రాగానే, "అరవై నాలుగు" అంది.

ఒక్కసారి తెల్లమొహం వేస్తే చాలనుకుంది. మూడో మనిషి తిప్పి పంపుతాడు, ఈయన తల గోక్కుంటాడు, తన విలువ తెలిసొస్తుంది. ఇంతకు మించి ఆలోచించలేదు, ఒట్టు. కానీ అది జనం పంపిన నాణెం కాదు. చూసేవాళ్ళని పరీక్షించడానికి మేనేజరే అప్పుడప్పుడు ట్రేలో కలిపే నాణెం.

మర్నాడు పొద్దున్నే బాబాయిని లోపలికి పిలిచారు. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కంటి పరీక్ష చేయించుకోమన్నారట, అప్పటిదాకా ఇంట్లో ఉండమన్నారట. చిట్టి పేరు ఎత్తలేదు. తన సంచీ సర్దుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"పదకొండోది నువ్వు కడిగినదనే కొట్టావని చెప్పాడే మేనేజరు. నాకూ అదే చెప్పావు కదూ? నేనే మర్చిపోయి అరవై నాలుగు కొట్టానా?"

అప్పుడే చెప్పెయ్యాల్సింది.

"అదే చెప్పాను బాబాయ్" అంది.

ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. ఆ తల ఆడించడం చిట్టిని నిద్రపోనివ్వలేదు. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పుకోలేక, పని ఎక్కువగా ఉందని సాకు చెబుతూ, రెండు వీధుల అవతలున్న ఆ ఇంటికి వెళ్ళడమే తగ్గించేసింది. ఇంట్లో కూర్చోబెట్టే సరికి బాబాయి చచ్చినట్టు ఆపరేషన్ చేయించుకున్నాడని, చూపు బ్రహ్మాండంగా వచ్చిందని పిన్ని ఫోన్లో చెప్పినప్పుడు గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. చూశావా, మంచే జరిగింది అని తనకి తను సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడంలో మనిషిని మించినవాడు లేడు.

ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం పళ్ళు కొనుక్కుని వెళ్ళింది.

తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది. "తాళం జేబులో ఉందా చూసుకో." బాబాయి దస్తూరీయే. పొయ్యి పక్క గోడ మీద ఇంకోటి. "కట్టేశానా?" ఫోను పక్కన, మందుల డబ్బా మీద, స్నానాల గది తలుపు మీద, ఎక్కడ చూసినా చీటీలే. ఇరవై అంకెలు ఒక్కసారి విని అప్పజెప్పిన మనిషి ఇంట్లో!

"ఏంటిది పిన్నీ?"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కళ్ళు వచ్చాయని సంబరపడ్డాను గానీ, బుర్ర పోయిందంటాడే. ఆ రోజు నువ్వు చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకోలేకపోయాడట కదా, అక్కణ్ణుంచి పట్టుకుంది. బజారుకి ఒక్కడూ వెళ్ళడు. నిన్న మేనేజరు ఫోన్ చేసి, చూపు బాగైందట కదా, వచ్చెయ్యండి అన్నాడు. రానన్నాడు. రేపు మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను."

కుర్చీ ఒక్కటే పోయిందనుకుంది చిట్టి ఇన్నాళ్ళూ. తను లాగేసింది కుర్చీని కాదు. ఇప్పుడు నోరు విప్పితే పెంచిన మనిషి ముఖం మీద ఉమ్మేసినా పడాలి. విప్పకపోతే ఈయన రేపటి నుంచి నిజంగానే రోగి అయిపోతాడు.

బాబాయి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి ముఖం వెలిగింది. "రావే చిట్టీ. ఎన్నాళ్ళయిందే! నిన్న వచ్చావా? లేదు కదూ?" అని అనుమానంగా పిన్ని వైపు చూశాడు.

చిట్టి నేల మీద కూర్చుంది. "బాబాయ్, ఆ బుధవారం ట్రే ఒకసారి చెప్పు."

"ఎందుకులేవే ఇప్పుడు, చచ్చిన పామునెందుకు కొట్టడం."

"చెప్పు. నీకు ఎలా వినిపించిందో అలాగే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అరవై రెండు. అరవై ఒకటి. యాభై ఎనిమిది. అరవై మూడు. మళ్ళీ అరవై మూడు..." పదోది దాకా వచ్చి ఆగిపోయాడు. "ఇదిగో, ఇక్కడే. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు అరవై నాలుగనే వినిపిస్తుందే. నువ్వేమో కడిగినదన్నావు."

"నేను అరవై నాలుగే అన్నాను బాబాయ్."

ఆయన కళ్ళు తెరిచాడు.

"నాకు కడిగినదని తెలుసు. తెలిసే అరవై నాలుగని చెప్పాను. నువ్వు విన్నది కరెక్టే."

బాబాయి ఆమెని తిట్టలేదు. అసలు ఆమెని చూడనే లేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని, పన్నెండోది నుంచి మొదలుపెట్టి ఇరవయ్యోది దాకా గడగడా అప్పజెప్పాడు. మూడు నెలలుగా ఆ ట్రేనే తలుచుకుంటున్న చిట్టి ప్రతి అంకెకీ ఏడుస్తూనే అవునని తలూపింది. ఇరవయ్యోది అవగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏమేవ్! నా బుర్రకేం కాలేదే! ఒక్కటి కూడా పోలేదే!" అని కేకేశాడు. మందుల డబ్బా మీది చీటీ పీకేశాడు. ఫోను పక్కది పీకేశాడు. డెబ్బయ్యో ఏట పిల్లాడిలా గది అంతా తిరిగాడు. పిన్ని గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"మరి ఇదెందుకు అలా చెప్పిందట?" అంది పిన్ని.

బాబాయి ఆగాడు. అప్పటిదాకా ఆయనకి ఆ ప్రశ్నే తట్టలేదు.

"కోపం వచ్చి చెప్పాను పిన్నీ. అందరి ముందూ నిలకడ లేదన్నాడని."

"అన్నాను. అనకూడని మాటే" అన్నాడు బాబాయి నెమ్మదిగా. "బుధవారం కోపం వచ్చింది, సరే. గురువారం పొద్దున అడిగానే నిన్ను? అప్పుడూ కోపమేనా?"

"కాదు."

"మరి?"

"భయం."

బాబాయి చేతిలోని చీటీలని చిన్న ముక్కలుగా చింపుతూ కూర్చున్నాడు. "కళ్ళు పోతే నీ కళ్ళతో చూశానే. అంకె తప్పిందంటే, నువ్వు తప్పు చెప్పావేమోనని ఒక్క రోజు, ఒక్క పూట అనుకోలేదు. నన్నే అనుమానించుకున్నాను."

చిట్టి కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు, విసురుగా కాదు, నెమ్మదిగానే. ఫోను అందుకుని, పుస్తకం చూడకుండా మేనేజరు నంబరు నొక్కాడు.

"నేనేనండీ. నిన్న తొందరపడి రానన్నాను. రేపు పొద్దున్నే వస్తాను. కన్ను బాగుంది, అన్నీ బాగున్నాయి." అవతల ఏదో అడిగారు. బాబాయి కిటికీ వైపు తిరిగి జవాబు చెప్పాడు. "లేదండీ, మా అన్న కూతురి గదిలో వద్దు. ఇంకెక్కడైనా సరే, కూర్చుంటాను."