ప్లాస్టర్‌తో ఊడొచ్చిన తోలు

రోజూ పొద్దున ఆరింటికల్లా ఆశమ్మ అంబర్‌పేట నుంచి నడిచి నారాయణగూడలోని నర్సింగ్ హోమ్‌కు వచ్చేది. తన చనుబాలు పిండిన గ్లాసు ఆయా పెంటమ్మకిచ్చి, మెట్ల మీద కూర్చునేది. ఏడో నెలలోనే పుట్టిన కొడుకు లోపల అద్దాల పెట్టెలో ఉన్నాడు. పద్నాలుగు వందల గ్రాములు. తల్లులను లోపలికి రానివ్వరు, పదకొండింటికి కిటికీలోంచి ఒక్కసారి చూడాలి. భర్త బుగ్గయ్య చిక్కడపల్లిలో స్లాబు పనిలో ఉన్నాడు. సాయంత్రం ఏడు దాకా ఆమెను పలకరించేవాళ్లు లేరు.

ఐదో రోజు నర్సు ప్రభావతి పిల్లాడి చెంప మీద పాలగొట్టానికి అంటించిన ప్లాస్టర్ పీకితే, అర్ధరూపాయి బిళ్లంత తోలు దాంతోపాటే ఊడొచ్చింది. పెంటమ్మ దాన్ని తెచ్చి ఆశమ్మ చేతిలో పెట్టింది.

"ఇగో, నీ కొడుకుది. ఇంకా వెచ్చగనే ఉన్నది. ఎండ తగలనియ్యకు."

పిల్లాడికి ఆకలేస్తే ఆ తోలు అరచేతిలో అదిరేది. నిద్రపోతే మెత్తబడేది. "తాగినవా బిడ్డా?" అని ఆశమ్మ దాన్నే అడిగేది. పక్క మెట్టు మీది ఇంకో తల్లి తొంగిచూసి, "మాదైతే పారేసిన్రు. నీ నసీబు మంచిదక్కా," అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అది చల్లబడి, పూరీలా ఉబ్బింది. పదకొండింటికి కిటికీలోంచి చూసిన, సెలైన్ ఎక్కుతున్న చేతికట్టు గుర్తొచ్చి ఆశమ్మ పరుగున వెళ్లి తలుపు కొట్టింది.

"సిస్టరమ్మా, నా కొడుకు చేతికట్టు జర ఇప్పి చూడు."

"ఇప్పుడే చూసిన. నిమిషానికి నాలుగు చుక్కలు, లెక్క ప్రకారమే పోతున్నది."

"పోతున్నది సరే, ఏడికి పోతున్నది?"

ఆశమ్మ గుప్పిట తెరిచింది. ప్రభావతి ఒక్క చూపు చూసి లోపలికి ఉరికింది. మందుల డబ్బా అట్ట పెట్టి మోచేతి దాకా చుట్టిన కట్టు విప్పింది. సూది అప్పటికే నరంలోంచి జారిపోయి ఉంది. సెలైన్ అంతా తోలు కిందే చేరి, చిన్న చెయ్యి తెల్లగా ఉబ్బి ఉంది. ఇంకో గంటైతే వేళ్లు నల్లబడేవే. సెలైన్ ఆపి, ప్లాస్టర్‌ను తడిపి తడిపి తీసింది.

సాయంత్రానికి వేళ్లు ఎర్రబడ్డాయి. ప్రభావతి బయటికొచ్చింది.

"చేతులు సబ్బుతోని కడుక్కొని లోపలికి రా."

"డాక్టరు సారు తిడ్తడేమో అమ్మా?"

"తిడితే నేను పడ్త. నేను చుక్కలు చూస్త, నువ్వు చెయ్యి చూడు."

ప్రభావతి స్టూలు వేసి, అద్దాల పెట్టెకున్న చిన్న గుండ్రటి కిటికీ తెరిచింది. ఆశమ్మ ముఖం దగ్గరగా పెట్టింది. స్పిరిట్ ఘాటు వెనకాల ఎక్కడో సన్నగా, పచ్చిగా, తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు కొడుకు వాసన తెలిసింది.