గచ్చు వేయని స్లాబులు

చెన్నయ్య ఇంటి మీద స్లాబ్ వేసింది నేనే. ఇరువై ఆరేండ్లాయె. గూన పెంకులు దింపి, దూలాలు పీకి, రెండు నెలలల్ల ఇల్లు ఒప్పజెప్పిన. చేవెళ్ల దిక్కు అప్పుడు అందరికీ స్లాబ్ మీదనే మనసు. పెంకుటింట్ల ఉన్నమని చెప్పుకునేటందుకు సిగ్గువడేది.

స్లాబ్ ఆరినంక చెన్నయ్య ఒక మాట అడిగిండు. పైన గచ్చు వెయ్యవా అని. సున్నంల ఇటుక ముక్కలు కలిపి మందంగ పరిచి, ఆడోళ్లు వరుసగ కూసొని చెక్కలతోని కొట్టాలె. ఎనిమిది రోజుల పని. అది ఉంటే ఎండ కిందికి దిగదు. నాకు ఎరుకే, చిన్నప్పుడు నేర్చిన పనే. కానీ కనకమామిడిల ఇంకో స్లాబ్ ఒప్పుకొని ఉన్న. వానలు దగ్గర పడ్డయి. ఊకె బరువెందుకు, ఒక్క సుక్క కారితే నన్నడుగు అన్న. చెన్నయ్య నమ్మిండు. ఇండ్లకు పోయిన దావత్ నాడు నాకు కొత్త ధోతి, రుమాలు పెట్టిండు.

సుక్క కారలే. చెన్నయ్య భార్య అంతమ్మ ఆ సంగతి ఇప్పటికీ వచ్చినోళ్లకల్ల చెప్తది.

మూడేండ్ల కింద అంతమ్మకు పక్షవాతమొచ్చి ఎడమ దిక్కు పడిపోయింది. అప్పటినుంచి ఆ స్లాబ్ కిందనే మంచం. ఎండకాలం పగలు పన్నెండు దాటినంక ఆ అర్రల నిలబడితే నెత్తి మాడుతది. పోయిన మే నెలల సోయి తప్పితే దవాఖానకు ఉరికిచ్చిండ్రు. చల్లగున్న తావుల ఉంచుండ్రి, మళ్ల గిట్లయితే దక్కదు అన్నడు డాక్టరు. ఉన్నది ఒక్క ఇల్లు, ఇంకెక్కడ ఉంచుతరు? కోడలు వనిత స్లాబ్ మీద గోనె సంచులు తడిపి పరుస్తది. గంటల ఎండుతయి. అది చూసొచ్చిన రోజు నాకు బువ్వ దిగదు.

వనిత మహిళా సంఘం లీడరు. స్లాబ్ మీద గచ్చుకో, ఎండ ఆపే తెల్లపూతకో అప్పు కావాలని బ్యాంకుకు పోయింది. కొత్త రూము వేస్తే ఇస్తం, ఉన్న ఇంటిని చల్లగ చేసుకునేటందుకు అసుంటి అప్పే లేదు అన్నరట. అది తేవాల్సింది అసెంబ్లీల కూసునేటోళ్లని తెలుసుకున్నది. ఇండ్ల సంగతి చూసే కమిటీ ఎమ్మెల్యేలు ముగ్గురు మొయినాబాద్ ఫంక్షన్ హాలుకు వస్తున్నరంటే, అర్జీ రాసి నన్నూ చెన్నయ్యనూ తోలుకపోయింది.

నాకు ఒక్క పని జెప్పింది. స్లాబ్ గట్టిగున్నది, దీని మీద పెట్టిన పైసలు మునగవు అని మేస్త్రిగ నేను చెప్పాలె. "రెండో మాట నువ్వెట్లాగు మాట్లాడవు గద మామా" అని నవ్వింది.

హాల్ల ఏసీ చల్లగున్నది. వనిత అర్జీ చదివింది. కూలర్ పెట్టుకోరాదా అమ్మా అన్నడు ఒక ఎమ్మెల్యే. పెట్టినం సార్, స్లాబ్ కాలుడు కాల్తనే ఉన్నది, కరెంటు బిల్లు గూడ మమ్ముల కాలుస్తున్నది అన్నది వనిత. హాలంత నవ్వింది. ఆయన నవ్వలే.

"ఇల్లు మీది. కట్టుకునేటప్పుడే మంచిగ కట్టుకోవాలె. మేస్త్రి తప్పు చేస్తే దానికి సర్కారెందుకు పూచీ?"

చెన్నయ్య లేశిండు.

"మేస్త్రి గచ్చు వేస్తననే అన్నడు సార్. నేనే వద్దన్న, ఖర్చని."

నా దిక్కు చూడకుంట కూసున్నడు. ఇరువై ఆరేండ్లల్ల నన్ను ఒక్క మాట అనలే. ఇప్పుడు నా తప్పు తన మీద వేసుకున్నడు. ఇంక కూసునుడు నాతోని కాలే.

"ఆయన అబద్ధమాడిండు సార్. వెయ్యమని ఆయనే అన్నడు. నేనే వద్దన్న. ఈ ఒక్క ఇల్లు గాదు. చిల్కూరు, కనకమామిడి, శంకర్‌పల్లి దాక నా చేతుల మీద నూరుకు పైన స్లాబులు పడ్డయి. ఒక్కదాని మీద గచ్చు లేదు. నా దగ్గర నేర్చుకున్నోళ్లూ అట్లనే వేసిండ్రు. నన్నేమన్న చెయ్యుండ్రి. వాళ్లకు మాత్రం అప్పు ఇప్పియ్యుండ్రి. ఏండ్ల మీద తీర్చుకుంటరు. ఊకె ఇయ్యమంటలేరు."

వనిత నెత్తి పట్టుకున్నది. అర్జీ నేనే చెడగొట్టిన అనుకున్న.

నడుమ కూసున్న ఎమ్మెల్యే పెద్దామె కండ్లద్దాలు తీసి, ఆ ఇండ్లన్ని చూపెడ్తవా అని అడిగింది. చూపెడ్త అన్న.

"ఒక్క ఇంటి కోసం నేను అసెంబ్లీల లేస్తే నవ్వుతరు. నూరు ఇండ్లు రాసుకరా. ఏం తప్పిపోయిందో రాసి, ఇంటోళ్లతోని సంతకం పెట్టిచ్చుకరా. అప్పుడు అడుగుత."

ఆటోల వాపసొచ్చినం. కనకమామిడి దాటినంక చెన్నయ్య, "నేను కప్పుదామంటే నువ్వే ఇప్పుకుంటివి గదరా యాదిగా" అన్నడు. జరసేపటికి, అంతమ్మకు మాత్రం చెప్పకు అన్నడు.

చెప్పక తప్పదు. ఇల్లు ఆమె పేరు మీదున్నది, సంతకం ఆమెదే కావాలె.

తెల్లారి పోయిన. ఏం తప్పిపోయిందో రాసిన కాయిదం వనిత చదువుతనంటే, వద్దని నేనే చెప్పిన. గచ్చు సంగతి, ఆడిన అబద్ధం, ఇంకో స్లాబ్‌కు ఉరికింది, అన్ని చెప్పిన. అంతమ్మ స్లాబ్ దిక్కే చూసుకుంట విన్నది.

"ఎన్ని రోజులు పడ్తుండె?"

"ఎనిమిది."

మళ్ల స్లాబ్ దిక్కే చూసింది. పెండ్లయి ఈ ఊరికొచ్చిన కొత్తల నాకు తమ్ముడా అని బువ్వ పెట్టిన మనిషి. కోపానికొస్తే బాగుండు అనిపించింది. ఆఖరుకు కుడి చెయ్యి వనిత దిక్కు జరిపింది. వనిత ఇంకు పెట్టె తీసింది. వేలు నేనే పట్టుకుని ముద్ర వేయించిన. వేలు ఎండల వెట్టిన ఇనుము తీర్గ కాల్తున్నది.

"ఇంక ఎవలిండ్లకు పోవాలె?" అన్నది.

చెప్పుకుంట పోయిన.

"మంచాన పడ్డోళ్లున్న ఇండ్లకు ముందుగాల పో. ఎండలు ఇంకా ముదరకముందే తిరుగు."

పోనీలే అనలే. ఆ మాట అంటదేమోనని కొంచెంసేపు నిలబడ్డ. వనిత కాయిదం సంచిల పెట్టుకొని వాకిట్లకు నడిచింది. నేను ఎనక నడిచిన.